సికిల్ సెల్ జబ్బులో ఆక్సిడేటివ్ స్ట్రెస్: మొక్కల సారాలు మందు అవుతాయా?

పచ్చనాకు:
మామూలు ఎర్రకణం దాదాపు 120 రోజులు బతుకుతుంది. సికిల్ సెల్ అనే వారసత్వ జబ్బులో కొడవలిలా వంగిపోయే సికిల్ కణం 10 నుంచి 20 రోజుల్లోనే చితికిపోతుంది. ఆక్సిజన్ మోసే హిమోగ్లోబిన్‌లోని బీటా గ్లోబిన్ అనే ప్రోటీన్‌లో ఆరో స్థానంలో గ్లుటామిక్ ఆమ్లం బదులు వాలీన్ చేరడమే మూలం. కానీ ఆ తర్వాత జరిగేదాంట్లో ఆక్సిడేటివ్ స్ట్రెస్ (ఆక్సిజన్ నుంచి పుట్టే చురుకైన అణువులు కణాన్ని దెబ్బతీయడం) పాత్ర చాలా పెద్దది. ఈ హిమోగ్లోబిన్ త్వరగా ఆక్సిడైజ్ అవుతుంది, విడిపోయిన హీమ్ (హిమోగ్లోబిన్‌లో ఇనుమున్న భాగం), ఇనుము కణం పొరకు అంటుకుని దాన్ని లోపలినుంచే కాలుస్తాయి. మొక్కల్లోని పాలీఫినాల్స్ అనే రసాయనాలు ఆ నష్టాన్ని అడ్డుకుంటాయని ల్యాబ్‌లో ఎన్నోసార్లు తేలింది. అయినా డాక్టర్లు పట్టించుకోరు. ఎందుకు?

ల్యాబ్‌బల్ల:
ఆ ప్రయోగాలు నేనూ చేశానండి. స్లైడ్ మీద రక్తపు చుక్క, దానికి సోడియం మెటాబైసల్ఫైట్. ఆక్సిజన్ లాగేస్తుంది కదా, చూస్తుండగానే గుండ్రటి కణాలు కొడవళ్లలా సాగిపోతాయి. పక్క స్లైడ్‌లో ఆకు సారం కలిపితే చాలా కణాలు గుండ్రంగానే ఉన్నాయి. ఆ రోజు నాకు ఎంత సంతోషమో! తర్వాత మెటాబైసల్ఫైట్ మానేసి, నైట్రోజన్ వాయువుతో ఆక్సిజన్ తీసేసి మళ్లీ చూస్తే ఆ తేడాలో సగం కూడా మిగల్లేదు. సారంలోని ఆల్డిహైడ్లు అనే పదార్థాలు మెటాబైసల్ఫైట్‌తోనే కలిసిపోయి ఉంటాయి. అంటే నేను చూసింది కణాన్ని కాపాడటం కాదు, పరీక్షనే పాడుచేయడం.

ఇంకో సంగతి. స్లైడ్ మీద మనం పోసే మోతాదు, తాగిన కషాయం నుంచి రక్తంలోకి చేరే మోతాదు ఒకటి కావు. వెనిల్లాకి వాసననిచ్చే వెనిలిన్ సంగతే చూడండి. గాజునాళికలో సికిల్ కణాల మీద బాగా పనిచేస్తుంది, నోటితో తీసుకుంటే జీర్ణనాళంలోనే విచ్ఛిన్నమైపోతుంది.

పచ్చనాకు:
సరే, స్లైడ్ వదిలేద్దాం. నైజీరియాలో ఈ జబ్బుకి తయారైన నిప్రిసాన్ అనే మొక్కల మందులో లవంగం, జొన్న ఆకులతో కలిపి నాలుగు మొక్కలున్నాయి. 82 మంది మీద జరిగిన ట్రయల్‌లో తీవ్రమైన నొప్పి దాడులు తగ్గాయి. ఇది మనుషుల మీద వచ్చిన ఫలితమే కదా? ఎల్-గ్లుటమిన్ అనే అమైనో ఆమ్లం కూడా ఆక్సిడేటివ్ స్ట్రెస్‌ని తగ్గించడానికేగా, 2017లో అమెరికాలో అనుమతి వచ్చింది.

ల్యాబ్‌బల్ల:
నిప్రిసాన్ ట్రయల్‌ని నేను కొట్టిపారేయను. కానీ రక్తహీనత మారలేదని కూడా అందులోనే ఉంది. 82 మందితో ఆగిపోవడం బాధాకరం, పెద్ద ట్రయల్ జరగాల్సింది. గ్లుటమిన్ విషయంలో అదే జరిగింది: 230 మంది, 48 వారాలు, నొప్పి దాడుల మధ్యస్థ విలువ (మీడియన్) ప్లాసిబో, అంటే మందులేని డమ్మీ తీసుకున్నవాళ్లలో 4, మందు తీసుకున్నవాళ్లలో 3. తేడా చిన్నదే, కానీ లెక్క పక్కాగా ఉంది.

బాబు_అమ్మ:
మీరిద్దరూ చెప్పేది చదువుతుంటే చెప్పాలనిపించింది. ఒకరిచ్చిన పొడి రక్తాన్ని శుద్ధి చేస్తుందని నమ్మి బాబుకి ఈ జబ్బుకని వాడుతున్న హైడ్రాక్సీయూరియా మందు ఆపేశాం. రెండు నెలలు బాగానే ఉన్నాడు. ఓ రాత్రి కాళ్లు పట్టుకుని ఏడవడం మొదలుపెట్టాడు, తెల్లారేసరికి కళ్లు పసుపెక్కాయి. ఆస్పత్రిలో ఆ పొడిలో ఏముందని అడిగితే నా దగ్గర సమాధానం లేదు. పొట్లం మీద ఒక్క పేరూ లేదు.

పచ్చనాకు:
అమ్మా, మందు ఆపమని నేనెప్పుడూ అనను. హైడ్రాక్సీయూరియా నొప్పి దాడుల్ని దాదాపు సగానికి తగ్గిస్తుందని 1995లోనే తేలింది. దానికి తోడుగా మొక్కల సారాన్ని పరీక్షించాలన్నదే నా వాదన.

ల్యాబ్‌బల్ల:
ఆ వాదనతో నాకు పేచీ లేదు. కాకపోతే ముందు జి6పిడి లోపం (ఎర్రకణాన్ని ఆక్సిడేటివ్ స్ట్రెస్ నుంచి కాపాడే ఎంజైమ్ తక్కువ కావడం) ఉందేమో చూడాలి. అది ఉన్న పిల్లల్లో కొన్ని మొక్కల పదార్థాలు ఆక్సిడేటివ్ స్ట్రెస్‌ని తగ్గించకపోగా పెంచి కణాల్ని పగలగొడతాయి. చిక్కుడు జాతి ఫావా గింజలు తింటే జరిగేది అదే. సారంలో ఏ పదార్థం ఎంత ఉందో ప్రతి బ్యాచ్‌లోనూ కొలవాలి, హైడ్రాక్సీయూరియా వాడుతున్నవాళ్లలోనే నొప్పి దాడులు లెక్కపెట్టాలి. అమ్మా, ఆ పొడి ఇంకా ఉంటే పారేయకండి, డాక్టరుగారికి ఇవ్వండి. బాబుకి జి6పిడి పరీక్ష అయిందా?

బాబు_అమ్మ:
లేదండి. రేపే అడుగుతాను.