గండికోటకు వచ్చిన అతిథికి నాటుకోడి సంగటి పెట్టాలా, ఇంట్లో రోజూ తినేదే పెట్టాలా?

జమ్మలమడుగు వాసి:
సంక్రాంతి సెలవులకు బెంగళూరు నుంచి మా మిత్రుల కుటుంబం గండికోట, బెలుం గుహలు, తిరుగు దారిలో లేపాక్షి చూడడానికి వస్తోంది. వారు సీమ పల్లెల్లో తిరగడం ఇదే మొదటిసారి. వారికి ఏం తినిపించాలన్న విషయంలో మా ఇంట్లోనే మాట కలవడం లేదు. నాటుకోడి పులుసు, రాగి సంగటి, అలసంద వడలు పెట్టనిదే మర్యాద జరిగినట్టు కాదని పెద్దలు అంటున్నారు. అవి ఇప్పుడు బెంగళూరు హోటళ్లలోనూ దొరుకుతున్నాయి కనుక, పల్లెకు వచ్చినవారికి పల్లె రోజూ తినే తిండే పెట్టాలని నేను అంటున్నాను. ఈ ప్రాంతం తెలిసినవారు కారణాలతో సహా చెప్పవలసిందిగా కోరుతున్నాను.

కుందూ రైతు:
మీ మాటే నా మాట, అయితే నా కారణం వేరు. హోటల్లో దొరకడం, దొరకకపోవడం కంటే ఆ ఊరి నేల ఏం పండిస్తుందన్నది ముఖ్యం. జమ్మలమడుగు, ప్రొద్దుటూరు, కోయిలకుంట్ల, ఆళ్లగడ్డ వైపు ఎక్కువగా ఉన్నది నల్లరేగడి. ఇక్కడ తరతరాలుగా కడుపు నింపింది జొన్న. రాగికి రాయచోటి, కదిరి వైపు ఎర్రనేలలు పుట్టిల్లు. గండికోటలో నిలబడి సీమ తిండి అంటే రాగి సంగటి ఒక్కటేనని చెబితే, దారి పొడవునా ఉన్న జొన్న చేలను అతిథికి చూపించనట్టే అవుతుంది. సెప్టెంబరు, అక్టోబరు వానలకు తడిసిన రేగడిలో విత్తితే, ఆ తర్వాత చినుకు సరిగా పడకపోయినా నేలలో దాగిన తేమతోనే జొన్న పండుతుంది.

రొట్టె చేయడం కూడా వారికి చూపించండి. జొన్నలో గోధుమకున్న జిగట లేదు కనుక పిండిలో బాగా కాగిన నీళ్లు పోసి, వేడి ఆరకముందే పిసికి, అరచేత్తో తట్టి పెంచాలి; పెనం మీద వేశాక పైన నీళ్లు తడిపితేనే పగలకుండా పొంగుతుంది. దానికి గుత్తి వంకాయ, పుంటికూర (గోంగూర) పప్పు, రోట్లో నూరిన చెనిక్కాయల (వేరుశనగల) పచ్చడి ఊరిబిండి, గడ్డ పెరుగు ఉంటే ఇంకేమీ అక్కర్లేదు. పండగ రోజుల్లో నువ్వులద్దిన సజ్జ రొట్టెలు చేస్తారు. చిక్కుడు జాతికి చెందిన అనపకాయలు ఒలిచి, గింజలను నానబెట్టి, ఒక్కొక్కటిగా తోలు పితికి వండే పితికిపప్పు చలికాలపు కూర. వేసవిలో వచ్చిన అతిథికి మనం పెట్టాలన్నా పెట్టలేము. నాటుకోడి ఏడాది పొడవునా దొరుకుతుంది.

రాయచోటి ఆడబిడ్డ:
కుందూ రైతు గారూ, నేలను బట్టి తిండి అన్న మీ మాటను కాదనను. రోజూ తినేదే అతిథికి పెట్టాలన్న తీర్మానాన్ని మాత్రం ఒప్పుకోలేను. మా పుట్టింట్లో చుట్టాలు వస్తే సంగటి కుండను చాటుకు జరిపి, దాచుకున్న బియ్యం తీసి వండేవారు. వరి బువ్వ పండగ తిండి. 1983లో ఎన్టీ రామారావు ప్రభుత్వం కిలో రెండు రూపాయల బియ్యం ఇవ్వడం మొదలుపెట్టాక గదా మా పేదిళ్లకు అన్నం రోజువారీ తిండి అయింది! ఐక్యరాజ్య సమితి 2023ను చిరుధాన్యాల సంవత్సరంగా ప్రకటించిన తర్వాత పట్టణాలవారు వాటిని మెచ్చుకుంటున్నారు, సంతోషమే. కానీ మా పెద్దలు లేమిలో తిన్నదాన్ని 'ఇదే మా అసలు జీవితం' అని పళ్లెంలో పెట్టి చూపించడం నా మనసుకు కష్టంగా ఉంది. నాటుకోడి, అలసంద వడలు హోటళ్లవారు కనిపెట్టినవి కావు. కొత్త అల్లుడు వచ్చినప్పుడు మా అమ్మలు చేసిన వంటలే అవి.

పైగా ఈ చర్చలో వండే మనిషి ఊసే లేదు. సంగటికి నూకలు మెత్తగా ఉడికించి, పైన రాగి పిండి పోసి మగ్గనిచ్చి, ఉండలు కట్టకుండా తెడ్డుతో గెలకాలంటే భుజాలు పడిపోతాయి. ఆరుగురు అతిథులకు జొన్న రొట్టెలు తట్టే ఆడమనిషి తాను ఎప్పుడు తింటుందో ఎవరూ అడగరు.

పెనుకొండ పాఠకుడు:
లేపాక్షి వైపు వస్తున్నారు కనుక ఉమ్మడి అనంతపురం జిల్లా మాట కూడా వినండి. ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల వాన పడే మా జిల్లాలో ఒకప్పుడు కొర్ర విరివిగా పండేది. వేరుశనగ వచ్చి ఆ చేలను ఆక్రమించింది. ఇప్పుడు చెన్నేకొత్తపల్లి దగ్గర తింబక్తు కలెక్టివ్ అండతో ఏర్పడిన ధరణి రైతుల సహకార సంఘం మళ్లీ చిరుధాన్యాలు పండించి అమ్ముతోంది. కొర్రన్నంలో పుంటికూర కలుపుకొని తినడం అతిథులకు కొత్త రుచి అవుతుంది. పొద్దున్నే ఉగ్గాని, మిరపకాయ బజ్జీ మాత్రం మానకండి: తడిపి పిండిన బొరుగులకు ఉల్లిపాయల తిరగమోత పెట్టి, పుట్నాల పొడి చల్లిన ఆ టిఫిను మా దగ్గరా, కర్నూలులోనూ వీధి వీధినా దొరుకుతుంది. ప్రొద్దుటూరులో ఆగితే ఎర్రకారం పూసిన దోసె తినాలి.

తాగేవాటి గురించి ఎవరూ రాయలేదు. మజ్జిగ కలిపిన రాగి అంబలి, సుగంధి వేరుతో చేసే నన్నారి షరబత్తు ఎండాకాలంలో ప్రాణం లేచి వచ్చేలా చేస్తాయి. జనవరిలో నన్నారి రుచి చూపితే చాలు. ఈతకల్లు సంగతి వేరు. గీసేవారు తెలిసినవారైతే, చెట్టు నుంచి దించిన వెంటనే, పెద్దవాళ్లు కొద్దిగా తాగవచ్చు. దుకాణంలో మత్తుమందు కలిపే ప్రమాదం ఉంది కనుక ఊరు తెలియనివారిని అక్కడికి తీసుకుపోవద్దు. కారు నడిపేవారికి అసలే వద్దు.

కుందూ రైతు:
ఆడబిడ్డ గారూ, లేమిని ప్రదర్శనకు పెట్టకూడదన్న మాట న్యాయమైనది. అయితే జొన్న రొట్టె మా ఇంట్లో లేమి తిండి కాదు, ఇవాళ రాత్రికీ అదే. వంద గ్రాములకు 340 మిల్లీగ్రాములకు పైగా సున్నం ఉన్న రాగులను మన పిల్లలే సిగ్గుపడి వదిలేయడానికి, చుట్టాల ముందు ఆ కుండను చాటుకు జరపడం కూడా ఒక కారణమని నేను నమ్ముతున్నాను. ఒక రాత్రి నాటుకోడి పులుసు పెట్టండి, కాదనడం లేదు. మిగిలిన పూటలకు ప్రత్యేకంగా వండించకుండా, ఆ ఇంటివారు ఏం వండుకుంటున్నారో అడిగి, వారితో కలిసి తినడం మేలు. వంట పని తగ్గేదీ అలాగే.

రాయచోటి ఆడబిడ్డ:
తగ్గదు. వారి ఇంట్లో నలుగురికి వండేది పది మందికి అవుతుంది. జమ్మలమడుగు వాసి గారూ, మీరు ఏది ఎంచుకున్నా ముందురోజే చెప్పండి, పిండి పట్టించుకోవాలి. మీ ఇంటి బయట ఎక్కడ తిన్నా డబ్బు వండిన ఆమె చేతికే ఇవ్వండి, ఇంటి పెద్దకు కాదు. రొట్టె పెనం మీద నుంచి దిగగానే తినాలి కనుక అందరినీ వరుసగా కూర్చోబెట్టి ఆమెను నిలబెట్టకుండా, ఇద్దరిద్దరుగా పొయ్యి దగ్గరికే పంపండి. పితికిపప్పు వండించేటట్లయితే ముందురోజు రాత్రి మీ మిత్రులను కూడా అనపగింజల ముందు కూర్చోబెట్టండి. సద్ది సంగటి విషయంలో మాత్రం నా మాట మారదు: వారంతట వారు అడిగితే మజ్జిగ, ఉల్లిపాయతో పెట్టండి, అడగకపోతే వద్దు.