అమరావతి ఫలకం గీస్తున్నా, నీడల దగ్గర ఇరుక్కుపోయా. కాస్త సలహా ఇస్తారా?

అందరికీ నమస్కారం. ఈస్టిండియా కంపెనీ సర్వేయర్ కల్నల్ కాలిన్ మెకంజీ 1816-17 ప్రాంతంలో అమరావతి స్తూపం శిల్పాలను తన డ్రాఫ్ట్స్‌మెన్‌తో గీయించిన బొమ్మలు మీలో కొందరు చూసే ఉంటారు. ఇప్పుడవి లండన్‌లో బ్రిటిష్ లైబ్రరీలో ఉన్నాయి. ఆ తర్వాత పోయిన రాళ్లలో కొన్నింటికి ఆ కాగితాలే ఆధారం. వాటిని చూశాకే నాకూ ఈ పిచ్చి పట్టుకుంది.

స్తూపాన్నే చెక్కిన ఫలకం ఒకటి పెన్నుతో గీస్తున్నాను. అండం (స్తూపం గుమ్మటం), దాని ముందు అరుగు మీద వరసగా నిలబడ్డ ఐదు ఆయక స్తంభాలు, ప్రాకారం మీది పద్మాలు, గీతల వరకు బాగానే కుదిరాయి. గొడవంతా నీడలతోనే. అది తెల్లటి పల్నాటి సున్నపురాయి, చెక్కడం లోతు తక్కువ. అడ్డగీతలు వేయగానే పద్మం రేకుల అంచులు కలిసిపోయి, రాయి నల్ల గ్రానైట్‌లా కనిపిస్తోంది. నీళ్లు కలిపిన ఇంకు బ్రష్‌తో పల్చగా పూస్తే నయమా? అయితే ఎంత మందం కాగితం వాడాలి? చుక్కలతో నీడ తెచ్చినవాళ్లు ఎవరైనా ఉన్నారా?

ఇంకొకటి. చెన్నై ఎగ్మూరు మ్యూజియంలో అమరావతి శిల్పాల ముందు కూర్చుని పెన్సిల్‌తో గీసుకోనిస్తారా, ముందే అనుమతి తీసుకోవాలా? ఈమధ్య వెళ్లినవాళ్లు చెప్పగలరు. ఫోటో పెట్టి ట్రేస్ చేసుకోమని మాత్రం అనకండి, దాంట్లో మజా లేదు.