ఆఫ్రికా కప్‌లో కేప్ వెర్డే: చిన్న దేశం సత్తానా, పెరిగిన జట్ల పుణ్యమా?

మిడ్‌ఫీల్డ్ మూర్తి
2026 ఫుట్‌బాల్ ప్రపంచ కప్‌కు అర్హత సాధించినప్పటి నుంచి పశ్చిమాఫ్రికా తీరంలోని దీవుల దేశం కేప్ వెర్డేను అందరూ ఆకాశానికి ఎత్తుతున్నారు. నేను ఒప్పుకోను. ఆఫ్రికా దేశాలు తలపడే ఆఫ్రికా కప్‌లో 16 జట్ల స్థానంలో 2019 నుంచి 24 ఆడుతున్నాయి. గ్రూపులో మూడో స్థానంలో నిలిచినా ముందుకు వెళ్లవచ్చు. 2022 జనవరిలో వీళ్లు వెళ్లింది అలాగే. తలుపులు బార్లా తెరిచాక లోపలికి వచ్చినవాళ్లను వీరులంటే ఎలా? జనాభా ఐదు లక్షల చిల్లర అని జాలిపడి మార్కులు వేయకూడదు.

ఆదివారం ఆట
ఆ టోర్నీలో సెనెగల్ మీద తొమ్మిది మందితో మిగిలిపోయినా చివరిదాకా పోరాడారు. అది చూశాక నాకు వేరే రుజువు అక్కర్లేదు.

రోటర్‌డామ్ తెలుగోడు
మూర్తి గారూ, కేప్ వెర్డే మొదటిసారి అడుగుపెట్టింది 2013లో. అప్పుడు 16 జట్లే. అర్హత పోరులో అడ్డం నిలబడింది కామెరూన్. సొంత రాజధాని ప్రయాలో 2-0తో గెలిచారు, కామెరూన్ స్టార్ సామ్యుల్ ఏటో జట్టులోకి తిరిగివచ్చి ఆడిన యావుండే మ్యాచ్‌లో 1-2తో ఓడారు, మొత్తం మీద 3-2. కోచ్ లూసియో ఆంట్యూనెస్ వృత్తి ఎయిర్ ట్రాఫిక్ కంట్రోలర్. అలాంటి మనిషి తీసుకెళ్లిన జట్టు ఆతిథ్య దక్షిణాఫ్రికాతో 0-0, మొరాకోతో 1-1 డ్రా చేసుకుని, అంగోలా మీద ఆఖరి నిమిషాల్లో హెల్డన్ గోల్‌తో 2-1తో గెలిచి క్వార్టర్స్‌కు చేరింది. మీరు చెప్పే తలుపులు అప్పటికి తెరవనేలేదు.

మిడ్‌ఫీల్డ్ మూర్తి
2013 ఒక్కటి పట్టుకుని వేలాడితే ఎలా? 2015 సంగతి చెప్పండి. మూడు మ్యాచ్‌లు, మూడూ డ్రాలు, మొత్తం ఒకే ఒక్క గోల్, అదీ పెనాల్టీ. గోల్ కొట్టడం చేతకాని జట్టు అది.

రోటర్‌డామ్ తెలుగోడు
అదే గ్రూపులో డీఆర్ కాంగోకూ మూడు డ్రాలే. వాళ్లు రెండు గోల్స్ కొట్టారు, వీళ్లు ఒకటి. ఆ ఒక్క గోల్ తేడాతో ముందుకు వెళ్లిన కాంగో చివరికి టోర్నీలో మూడో స్థానం సాధించింది. వీళ్లు ఒక్క ఆటా ఓడకుండా ఇంటికి వచ్చారు. జాంబియాతో ఆడిన ఆఖరి మ్యాచ్ కుండపోత వానలో జరిగింది, బంతి నీళ్లలో కదలనే లేదు. దాన్ని చేతకానితనం అనడం అన్యాయం.

మిడ్‌ఫీల్డ్ మూర్తి
వాన జాంబియా మీద కూడా కురిసింది.

లాల్ బహదూర్ గ్యాలరీ
మీరిద్దరూ జట్ల సంఖ్య, వాన అంటూ కొట్టుకుంటున్నారు. 2024లో ఘానాను 2-1తో ఓడించిన రెండు గోల్స్ ఎవరివి? మొదటిది జమీరో మోంటీరో, ఇంజురీ టైమ్‌లో రెండోది గ్యారీ రోడ్రిగ్స్. ఇద్దరూ పుట్టింది రోటర్‌డామ్‌లో. మొజాంబిక్ మీద అంత దూరం నుంచి ఫ్రీకిక్ కొట్టిన బెబే లిస్బన్ శివార్ల వాడు. రక్షణలో రాబర్టో లోపెస్ డబ్లిన్‌లో పుట్టాడు, లింక్డిన్‌లో సందేశం పంపి పిలిచారు. ఇందులో ఆ దీవుల ఫుట్‌బాల్ ఎక్కడుంది? యూరప్‌లో తయారైన ఆటగాళ్లకు జెండా తొడిగారు, అంతే.

ఆదివారం ఆట
అదే టోర్నీలో మారిటానియా మీద గెలిపించిన పెనాల్టీ ర్యాన్ మెండెస్‌ది. ఆ దీవుల్లోని మిండెలోలోనే పుట్టాడు.

లాల్ బహదూర్ గ్యాలరీ
నేనూ అదే అంటున్నాను. వోజిన్యా కూడా మిండెలో వాడే, అక్కడి క్లబ్బుల్లో ఆడి జాతీయ జట్టు గోల్‌కీపర్ అయ్యాడు. ఆ నేల మీద ప్రతిభ ఉంది. మరి బయట నుంచి పిలవడం ఎందుకు?

రోటర్‌డామ్ తెలుగోడు
గ్యాలరీ గారూ, ఆ దీవుల నుంచి జనం సరదాకు వెళ్లలేదు. వాన లేని నేల. 1940లలో వచ్చిన కరవుల్లో వేల మంది ఆకలితో చనిపోయారు. మిగిలినవాళ్లు ఓడలెక్కారు, ఇక్కడి రేవులో దిగారు. ఈ రోజు దీవుల్లో కంటే బయటే ఎక్కువ మంది ఉన్నారు. మా కింది అంతస్తు పెద్దాయన జీవితమంతా ఓడల్లో పనిచేసి తన జీతంతో దీవిలో చెల్లెళ్ల పెళ్లిళ్లు చేశాడు. 2024లో దక్షిణాఫ్రికాతో క్వార్టర్ ఫైనల్ రాత్రి ఆయన గదిలోనే చూశాను. గోల్ లేకుండా షూటౌట్‌కు వెళ్లింది. వాళ్ల గోల్‌కీపర్ రాన్వెన్ విలియమ్స్ నాలుగు కిక్‌లు ఆపాడు. మూడోది ఆపినప్పుడు పెద్దాయన లేచి టీవీ వెనక్కి వెళ్లి గోడ వైపు తిరిగి నిలబడ్డాడు, నాలుగోది చూడలేదు. ఆయన మనవడు ఆ జెండా కింద ఆడితే అద్దెకు తెచ్చినవాడు అంటారా?

లాల్ బహదూర్ గ్యాలరీ
పెద్దాయన బాధ నిజమే. నా బాధా వినండి. మా అబ్బాయి ఏళ్ల తరబడి తెల్లవారకముందే మైదానానికి వెళ్లాడు. జూనియర్ ఎంపికల రోజు విదేశం నుంచి సెలవులకు వచ్చిన కుర్రాడికి చోటిచ్చారు. అక్కడి అకాడమీలో నేర్చుకున్నాడట, బూట్లే వేరుగా ఉన్నాయి. ఒక్క పూట ఆట చూసి తీసుకున్నారు. మావాడు ఆ తర్వాత బంతి ముట్టుకోలేదు. ప్రయా వీధుల్లోనూ ఇలాంటి కుర్రాళ్లు ఉంటారు. వాళ్ల గురించి ఎవరూ రాయరు.

మిడ్‌ఫీల్డ్ మూర్తి
జిల్లా ఎంపికలకూ ఆఫ్రికా కప్‌కూ సంబంధం ఏమిటి?

రోటర్‌డామ్ తెలుగోడు
అయ్యా, ఆ కోపం కేప్ వెర్డే మీద చూపించకండి. మీ అబ్బాయికి జరిగింది ఎంపిక చేసినవాళ్ల తప్పు. కానీ ఈ మాట వింటూనే ఉన్నాను. మా అమ్మాయిని ఊరి జాతరకు తీసుకెళితే, ముగ్గులో చెయ్యి పెట్టబోతుంటే ఒకావిడ పక్కకు జరిపి "మీకివన్నీ ఎందుకమ్మా, మీరు వెళ్లిపోయినవాళ్లు" అంది. ఇంటికి డబ్బు పంపినప్పుడు మనవాళ్లం, ముగ్గు దగ్గరకు వస్తే పరాయివాళ్లం. కేప్ వెర్డే అలా చేయలేదు. వాళ్ల పార్లమెంటులో 72 స్థానాలుంటే 6 విదేశాల్లో ఉన్నవాళ్లు ఎన్నుకునేవే. జట్టులోనూ అదే పద్ధతి.

లాల్ బహదూర్ గ్యాలరీ
72లో 6 అంటే నాకూ సమ్మతమే. పదకొండు మందిలో సగానికి పైగా అయితే కాదు. పార్లమెంటులో మీకు స్థానం ఇచ్చినందుకు అక్కడ ఉన్నవాడు బయటికి పోడు. జట్టులో పోతాడు. వెళ్లినవాళ్లకు రెండు చోట్లా అవకాశం ఉంది. ఉండిపోయినవాడికి ఒక్కటే.

రోటర్‌డామ్ తెలుగోడు
రెండు చోట్లా అవకాశం అంటున్నారు, రెండు చోట్లా పరాయితనం కూడా ఉంటుంది. పాట్రిక్ వియేరా తల్లిది కేప్ వెర్డే. హెన్రిక్ లార్సన్ తండ్రిది కేప్ వెర్డే. వాళ్లు ఫ్రాన్స్‌కు, స్వీడన్‌కు ఆడారు. వాళ్లంతా అటే పోతుంటే ఆ దీవులు చూస్తూ కూర్చోవాలా? కోచ్‌గా జట్టును నడిపిన బుబిష్టా బోవా విష్టా దీవి మనిషి, ఒకప్పటి జాతీయ జట్టు కెప్టెన్. ఎవరు కావాలో తేల్చింది ఆయన. హైదరాబాద్‌లో కూర్చున్న మీరు కాదు, ఇక్కడున్న నేనూ కాదు.

ఆదివారం ఆట
మన దేశం విదేశీ పాస్‌పోర్టు ఉన్నవాళ్లను తీసుకోదు. అందువల్ల ఇక్కడి పిల్లలకు ఏం మేలు జరిగింది, గ్యాలరీ గారూ?

లాల్ బహదూర్ గ్యాలరీ
మైదానాలు లేకపోవడం వల్ల నష్టం జరిగింది. మన హైదరాబాద్ కోచ్ రహీం సాబ్ 1962లో జకార్తాలో ఆసియా క్రీడల స్వర్ణం తెచ్చింది ఇక్కడ పెరిగిన పిల్లలతోనే. ముందు మైదానం ఇవ్వండి, తర్వాత విమానం టికెట్ల సంగతి చూద్దాం.

మిడ్‌ఫీల్డ్ మూర్తి
అందరూ నా ప్రశ్న వదిలేశారు. 2025 టోర్నీ అర్హత పోటీల్లో ఇదే జట్టు ఈజిప్టు, బోట్స్‌వానా, మారిటానియాల గ్రూపులో అడుగున నిలిచింది. దీనికి ఏమంటారు?

రోటర్‌డామ్ తెలుగోడు
24 జట్లున్నా చోటు దక్కలేదు అంటాను. మరి తలుపులు బార్లా తెరిచి ఉన్నాయన్న మీ వాదన ఎక్కడికి పోయింది?