సానలఁ ‘దీరిన’వా, ‘దేరిన’వా?

రాత్రిపక్షి:

సభ్యులందరికీ నమస్కారం. శని, ఆదివారాలు రెండు రాత్రులు నిద్ర మానుకొని నెట్‌ఫ్లిక్స్‌లో ‘ఫూల్ మీ వన్స్’ ఎనిమిది భాగాలూ చూశాను. అది 2024 జనవరి 1న విడుదలైనప్పుడు మా ఆఫీసులో అందరూ చూస్తే నేను పట్టించుకోలేదు, ఇప్పుడు తీరిగ్గా చూసి వాళ్ళందరి వంతు విసుగూ నేనొక్కడినే పడుతున్నాను. హత్యకు గురై, అంత్యక్రియలు కూడా ముగిసిన భర్త, ఫొటో ఫ్రేములో దాచిన కెమెరాకు చిక్కి, కూతురిని దగ్గరకు తీసుకుంటూ కనిపిస్తాడు. భార్య ఆ దృశ్యాన్ని ఆయాకు చూపించి నిలదీస్తే, ఆయా ఆమె కళ్ళలో పెప్పర్ స్ప్రే కొట్టి మెమరీ కార్డుతో ఉడాయిస్తుంది. సరిగ్గా అక్కడ రిమోట్ నొక్కి ఆపి, పక్క గదిలో అమ్మ నిద్రపోతున్నదన్న సంగతి కూడా మరచి, ‘కేవల కల్పనాకథలు కృత్రిమరత్నములు’ అని పైకే అనేశాను.

అన్నాను గానీ, రామరాజభూషణుడి వసుచరిత్రలోని ఆ పద్యం సాగలేదు. కేవలం కల్పించిన కథలు నకిలీ రత్నాలు, పాత సత్కథలు పుట్టు రత్నాలు, కవి కల్పన తోడైన పాత కథలు సాన ఎక్కిన జాతిరత్నాలు అని దాని భావం. రెండు పాదాలు నోటికి వచ్చాయి, మూడవ పాదం సగంలో నాలుక తడబడింది. ‘సానలఁ దీరిన జాతిరత్నముల్’ అనాలా, ‘సానలఁ దేరిన జాతిరత్నముల్’ అనాలా? నా దగ్గర వసుచరిత్ర లేదు. ఎవరైనా ఒక్క ముక్కలో చెబితే నా నిద్ర నాకు తిరిగి వస్తుంది. అన్నట్టు, రెండవ పాదంలోని ‘వావిరి’కి ఇక్కడ ఏ అర్థం చెప్పుకోవాలో కూడా చెప్పగలరు.

అరసున్న:

‘దీరిన’. సానలన్ అని నకారంతో ముగిసే ద్రుతాంతం మీద పరుషమైన తకారానికి సరళమైన దకారం వచ్చి, ద్రుతమైన ఆ నకారం అరసున్న అయింది. కాబట్టి దకారానికి వెనుక ఉన్నది తకారమే, అంతవరకు వివాదం లేదు. ఆ క్రియ ‘తీరు’. కొలువు దీరిన సభ, బారులు దీరిన సేన అంటాము గదా, అలాగే సానల మీద తీరుగా ఒనగూడిన రత్నాలు. కొలువు తేరిందని ఎవరైనా అనగా విన్నారా?

తెనాలి పంతులు:

అరసున్నగారు పేరుకు తగ్గట్టు సున్నను బాగానే కాపాడారు గానీ, దాని పక్కనున్న అక్షరాన్ని జారవిడిచారు. మా గురువుగారు ఈ పద్యాన్ని ‘దేరిన’ అనే చదివేవారు. ‘సానదేరిన బుద్ధి’ అన్న మాట ఈనాటికీ పల్లెలో పామరుడి నోట కూడా ఉన్నది, ‘సానదీరిన బుద్ధి’ అని నేను వినలేదు. తేరడమంటే తేటపడడం. మా చిన్నతనంలో కాలువకు కొత్తనీరు వస్తే, మా నాయనమ్మ చిల్లగింజను సానరాయి మీద అరగదీసి, ఆ గంధాన్ని బిందెలో కలిపి మూత పెట్టేది. తెల్లవారేసరికి ఒండ్రు అడుగున పేరుకొని, పైన నీరు కొబ్బరినీళ్ళలా తేరి ఉండేది. సానకూ తేరడానికీ ఉన్న చుట్టరికాన్ని నేను ఆ బిందెలో చూశాను, వ్యాకరణంలో కాదు.

అరసున్న:

మేష్టారూ, బిందె మీది గౌరవంతోనే అంటున్నాను, ఆ నీరు తేరింది సాన మీద కాదు, బిందెలో. సాన మీద అరిగినది గింజ. పద్యంలో సాన మీదికెక్కింది రత్నం. మీ ఉపమానంలో రత్నం ఎక్కడున్నదో నాకు కనబడలేదు.

తెనాలి పంతులు:

కనబడదు, మీరు బిందె మూత తీయలేదు గనుక. అయినా ఛందస్సును అడుగుదామా? ఉత్పలమాల, ఆ చోట గురువుతో మొదలయ్యే భగణం, ‘దీ’ అయినా ‘దే’ అయినా గురువే. యతి మూడవ పాదం మొదట ఉన్న ‘షావహ’లోని షాకు, సానలలోని సాకు, కనుక దానికీ ఈ తగవుతో పని లేదు. ఛందస్సు మన ఇద్దరిలో ఎవరి పక్షానా సాక్ష్యం చెప్పదు. అందుకే అర్థం దగ్గరకు రమ్మంటున్నాను. భారతం ఆదిపర్వంలో కొద్దిపాటిగా ఉన్న వసురాజు, గిరికల కథను తీసుకొని రామరాజభూషణుడు ప్రబంధం చేశాడు. పాత కథలోని మడ్డిని అడుగుకు దించి, తేటను పైకి తెచ్చుకోవడమే ఆయన చేసిన పని. నవలను తెర మీదికి తెచ్చేవాడు చేయవలసిందీ అదే. మన రాత్రిపక్షిగారు చూసిన సీరియల్‌లో మడ్డి అంతా పైకి తేలినట్టున్నది.

మాంచెస్టర్ కోడలు:

పద్యం సంగతి పెద్దలు తేలుస్తారు గానీ, ఆ పెప్పర్ స్ప్రే దగ్గర నేను కూడా ఆగిపోయాను కాబట్టి చెబుతున్నాను. నేను ఈ ఊరికి కాపురానికి వచ్చిన కొత్తలో, హైదరాబాదు నుంచి మా అక్క అలవాటుగా నా హ్యాండ్‌బ్యాగులో ఒక పెప్పర్ స్ప్రే డబ్బా వేయబోతే, మా ఆయన ఫోనులోనే గాభరాపడిపోయి వద్దన్నారు. ఇక్కడ అది 1968 నాటి ఆయుధాల చట్టం కింద నిషిద్ధం, దగ్గర ఉంచుకోవడమే నేరం. అటువంటిది, ఇంగ్లండులో ఒక ఇంట పిల్లను ఆడించే ఆయా దానిని జేబురుమాలు తీసినంత తేలికగా తీసి కొడితే, ఇక్కడ ఉండేవాళ్ళకు ఆ దెబ్బ కథానాయిక కళ్ళలో కాదు, మా కళ్ళలో పడుతుంది.

అసలు కారణం ఏమిటంటే, ఈ సీరియల్‌కు మూలమైన, 2016లో వచ్చిన నవల అమెరికా కథ. టీవీ వాళ్ళు దానిని ఇంగ్లండుకు తరలించారు. అమెరికాలో ఈ కథానాయిక లాగా సైన్యం నుంచి వచ్చిన మనిషి ఇంట తుపాకీ ఉంటే ఇరుగుపొరుగు కూడా అడగరు. ఈ దేశంలో 1996లో స్కాట్లండులోని డన్‌బ్లేన్ బడిలో 16 మంది పసిపిల్లలనూ, వాళ్ళ టీచరునూ ఒకడు కాల్చి చంపిన తరువాత, 1997లో చట్టాలు తెచ్చి మామూలు మనుషుల దగ్గర చేతి తుపాకులు దాదాపుగా లేకుండా చేశారు. ఇటువంటి నేల మీదికి అటువంటి కథను తెచ్చేటప్పుడు మనుషుల యాసను మార్చి, వాళ్ళ చేతుల్లోని వస్తువులను మార్చకపోతే ఎలా? అదే కథను మన రాజమండ్రికో కర్నూలుకో తెచ్చేవారు ఆ ఆయా చేతికి వంటింటి కారప్పొడి ఇస్తారు. ఏ డబ్బా ఎక్కడిదని ఒక్క ప్రేక్షకుడు కూడా అడగడు. ఇక పార్కులో భర్తను కాల్చింది ఎవరన్న విషయానికి వస్తే...

పాత అట్టపెట్టె:

అమ్మా, ఆగండి! దయచేసి ముగింపు చెప్పకండి. నేను మూడవ భాగంలో ఉన్నాను. ఈ గుంపులో పద్యాల కోసం చేరినవాడిని, ఇక్కడ హంతకుడి పేరు తెలిసిపోతుందని అనుకోలేదు.

గోల్కొండ:

ఆవిడ చెప్పిన కారప్పొడి మాటతో అసలు విషయం దగ్గరకు వచ్చాము. మాది మూడు తరాలుగా రాళ్ళ వ్యాపారం, కాబట్టి సాన గురించి నాలుగు మాటలు చెప్పే అర్హత ఉన్నదనుకుంటాను. ఇద్దరు పండితులూ ‘దీ, దే’ల దగ్గర కత్తులు దూస్తున్నారు గానీ, ‘సానలఁ’ అన్న బహువచనాన్ని ఎవరూ పట్టించుకోలేదు. సాన ఒకటి కాదు. మొదట రాయికి పలకలు తీసే సాన వేరు, చివర మెరుపు తెచ్చే సాన వేరు. మొదటి దాని మీద రాయి తీరుతుంది, చివరి దాని మీద తేరుతుంది. కవి బహువచనం వేసి రెంటినీ దాచుకున్నాడని నా అభిప్రాయం.

ఇంకొక మాట. సాన ఎక్కిన రాయి ఏదైనా బరువు తగ్గుతుంది, పెరగదు. మన కొల్లూరు గనుల్లో దొరికిందని చెప్పే కోహినూరును 1852లో తిరిగి కోయించినప్పుడు, సుమారు 191 క్యారట్లున్నది 105.6 క్యారట్లయింది. ఈ సీరియళ్ళు తీసేవాళ్ళు చేసేది కోత కాదు, పూత. ఒకే గుట్టు మీద బిగువుగా నడవవలసిన కథను ఎనిమిది భాగాలకు సాగదీయడం కోసం, భాగానికొక అనుమానితుడినీ, చివరి నిమిషంలో ఒక ఫోను మోతనూ అతికిస్తారు. మా అంగడికి అటువంటి రాయి తెస్తే, వేడి సూది తగిలించి చూసి, లక్క వాసన రాగానే తిరిగి ఇచ్చేస్తాము.

అరసున్న:

బహువచనం గురించి గోల్కొండగారు చెప్పింది ముచ్చటగా ఉన్నది. కాకపోతే కవులు అవసరం లేని చోట కూడా బహువచనం వేస్తారు, ‘సానఁ దీరిన’ అంటే ఒక మాత్ర తగ్గి గణం చెడుతుంది గదా. లకారం రాళ్ళ లెక్క కోసం కాక భగణం కోసం వచ్చి ఉండవచ్చు.

తెనాలి పంతులు:

గణం కోసం మాట వేసేవాడు రామరాజభూషణుడు కాడు. ‘సంగీతకళారహస్యనిధి’ అనిపించుకున్నవాడు లఘువు కోసం లకారాన్ని అప్పు తెచ్చుకుంటాడా?

అయితే నాకు ఈ పద్యం మీదనే ఒక పాత ఫిర్యాదు ఉన్నది, సందర్భం వచ్చింది కాబట్టి వినిపిస్తాను. ‘కేవల కల్పనాకథలు కృత్రిమరత్నములు’ అన్న చురక మా పింగళి సూరనకు తగలడానికే వేశారన్న మాట విమర్శకులలో ఎప్పటి నుంచో ఉన్నది. చురక ఎవరికైనా కానీయండి, తీర్పు మాత్రం తప్పు. సూరన కళాపూర్ణోదయం ఆద్యంతం కల్పన. అదీ ఎనిమిది ఆశ్వాసాలే, రాత్రిపక్షిగారి సీరియలూ ఎనిమిది భాగాలే. నమ్మశక్యం కాని సంగతులు సూరనలో ఉన్నన్ని మరొక చోట ఉండవు. ఒకరి రూపం మరొకరు ధరిస్తారు, నిజమైన రంభా మాయారంభా ఎదురుపడి, ‘నీవే మాయవు’ అంటే ‘నీవే మాయవు’ అని జుట్లు పట్టుకునేంత తగవు పడతారు. అయినా చదివేవాడు పుస్తకం మూయడు. ఎందుకు? ఆ ముడికి దారం చాలా ముందే వేసి ఉంటుంది. రంభ తన అందాన్ని గురించి గర్వంగా పలికితే, నీవంటిదే మరొకతె ఎదురుపడరాదా అన్న ధోరణిలో నారదుడు ఒక మాట విసిరి, తన దారిన తాను పోతాడు. మనము దానిని నారదుడి వాడుక అనుకొని మరచిపోతాము. ఆ మాటే తరువాత రెండవ రంభ అయి నిలబడుతుంది. విమర్శకుడు కట్టమంచి రామలింగారెడ్డిగారు ఊరకే సూరనను నెత్తిన పెట్టుకోలేదు. కనుక కల్పన అయినందువల్ల కథ కృత్రిమం కాదు. నారదుడు లేకుండా రెండవ రంభను దింపితే కృత్రిమం అవుతుంది.

మాంచెస్టర్ కోడలు:

మేష్టారూ, మీరు నా వాదాన్నే సంస్కృతం కట్టించి తెచ్చారు. చనిపోయిన భర్త కెమెరాలో కనిపించడం నాకు కష్టం అనిపించలేదు. కథ పునాదే అది, ఒప్పుకొనే కూర్చున్నాను. స్వర్గం నుంచి రంభ దిగడాన్ని నమ్మినవాళ్ళము ఒక మొగుడు తిరిగి రావడాన్ని నమ్మలేమా? నమ్మలేనిది ఆ చిన్న డబ్బా. పెద్ద అబద్ధాన్ని మింగినవాళ్ళకు చిన్నదే గొంతులో అడ్డం పడుతుంది.

రాత్రిపక్షి:

అందరికీ కృతజ్ఞతలు. అయితే నాకు కొత్త సందేహం పుట్టింది. ఈ పద్యం చివర ‘గావున నిట్టి మిశ్రకథగా నొనరింపుము నేర్పు పెంపునన్’ అని విధ్యర్థకం ఉన్నది. అంటే ఇది కవి తన నోట చెప్పినది కాదు, కావ్యం రాయించుకున్న తిరుమలదేవరాయల మాటగా కావ్యం మొదటి అవతారికలో పెట్టినది. ఈ కాలపు భాషలో నిర్మాత మాట. ‘పాత కథ తీసుకో, నీ కల్పన కలుపు, మిశ్రకథ చెయ్యి’ అని నిర్మాత చెబుతున్నాడు. నవల హక్కులు కొని, దేశం మార్చి, మలుపులు కలపమని రచయితల గదికి చెప్పేవాడు కూడా ఇదే పద్యం చదువుతున్నట్టు లేదా? ఇన్నాళ్ళూ నేను దీనిని వాళ్ళ మీద ప్రయోగించాను, ఇప్పుడు చూస్తే ఇది వాళ్ళ పద్యమేనేమోనని భయంగా ఉన్నది.

అరసున్న:

భయపడకండి, ‘నేర్పు పెంపునన్’ అన్న షరతు ఉన్నది. నిర్మాతలు మూడున్నర పాదాలు విని లేచి వెళ్ళిపోతారు.

పాత అట్టపెట్టె:

రాయలు కథ ‘తేరగా’ దొరుకుతుందని భారతం వైపు చూపించాడేమో, అప్పుడు ‘దేరిన’ పాఠానికి కొత్త బలం వస్తుంది. హాస్యానికే అన్నాను, ఎవరూ నిఘంటువులు తీయవద్దు.

తెనాలి పంతులు:

తీశాను. ‘తేరగా’కూ దీనికీ సంబంధం లేదు.

రాత్రిపక్షి:

మేష్టారూ, నిఘంటువు చేతిలో ఉన్నప్పుడే ‘వావిరి’ కూడా చూసిపెట్టరా? ‘వావిరిఁ బుట్టు రత్నములు’ అంటే విరివిగా పుట్టేవనా, తమంత తాముగా పుట్టేవనా? సొంత నేల మీద తనంత తాను పుట్టిన కథ అన్న అర్థం వస్తే, కోడలుగారి వాదానికి పద్యంలోనే ఆధారం దొరుకుతుందని నా ఆశ.

గోల్కొండ:

గనిలో రాయి విరివిగా పుట్టదు. ఆ ఒక్కటీ నేను హామీ ఇవ్వగలను.

తెనాలి పంతులు:

‘వావిరి’ రేపు చూస్తాను. దానికంటే ముందు ఒక సంగతి చెప్పకుండా ఉండడం ధర్మం కాదు. నా మాటకు రుజువు కోసం అటక మీది పెట్టె దింపించి, నా బి.ఏ. నాటి నోటుపుస్తకం వెతికి తీశాను. పద్యం ఉన్నది. నా చేతివ్రాతలోనే ‘సానలఁ దీరిన’ అని ఉన్నది. గురువుగారు చదువుతుంటే నేను తొందరలో తప్పు వ్రాసుకున్నానని భావిస్తున్నాను.

అరసున్న:

ఆ పుట ఫొటో తీసి ఇక్కడ పెట్టగలరా మేష్టారూ?