స్లీప్‌లో పెట్టిన ల్యాప్‌టాప్ బ్యాగులో కాలిపోతోంది, ఏం చెయ్యాలి?

గోదారి గట్టు:
విండోస్ 11, 16 జీబీ ర్యామ్, కొని ఏడాది దాటింది. సాయంత్రం ఆఫీసులో మూత మూసి బ్యాగులో పెడతాను. మియాపూర్‌లో మెట్రో దిగి ఇంటికొచ్చి తీసేసరికి అడుగుభాగం చెయ్యి పెట్టలేనంత కాలుతూ, ఫ్యాన్ గోల పెడుతూ, ఛార్జింగ్ సగానికి పైగా దిగిపోయి ఉంటుంది. పని చేసుకునేటప్పుడు ఇంత వేడి ఎప్పుడూ రాదు. రిపేరు షాపులో ఫ్యాన్ దుమ్ము దులిపి థర్మల్ పేస్ట్ మార్చారు, ఏమీ తేడా లేదు. బ్యాటరీ ఉబ్బుతుందేమోనని టెన్షన్‌గా ఉంది. రోజూ షట్‌డౌన్ చెయ్యమంటున్నారు, కానీ తెరిచి పెట్టుకున్న ఫైళ్లన్నీ పొద్దున్నే మళ్లీ తెరుచుకుంటూ కూర్చోవడం నా పనికి కుదరదు. దారి చెప్పండి.

రాత్రి షిఫ్ట్:
పని చేసేటప్పుడు వేడి లేదంటున్నారు కాబట్టి ఫ్యాన్, పేస్ట్ సంగతి వదిలెయ్యండి. మూత మూసినా అది నిద్రపోవట్లేదు. కమాండ్ ప్రాంప్ట్‌లో పవర్‌సీఎఫ్‌జీ /ఏ (powercfg /a) కొట్టి ఏం వస్తుందో ఇక్కడ పెట్టండి. స్లీప్‌లో రెండు రకాలున్నాయి, మీదాంట్లో ఎస్3 ఉందా, ఎస్0 ఉందా అన్నదే చూడాలి.

గోదారి గట్టు:
“ఎస్0 లో-పవర్ ఐడిల్” (S0 Low Power Idle) అని ఉంది. ఎస్3 కి ఫర్మ్‌వేర్ (మెషీన్‌లోనే ఉండే మూల సాఫ్ట్‌వేర్) సపోర్ట్ లేదంటోంది. హైబర్నేట్ కూడా ఉన్నట్టు చూపిస్తోంది.

రాత్రి షిఫ్ట్:
అదే సమస్య అండి. పాత ల్యాప్‌టాప్‌లలో స్లీప్ అంటే ఎస్3, ప్రాసెసర్‌కి కరెంటు ఆగిపోయి ర్యామ్‌కి మాత్రం కాస్త అందుతూ ఉండేది. ఇప్పుడొచ్చేవాటిలో చాలా వరకు మోడ్రన్ స్టాండ్‌బై, మీకు కనిపించిన ఎస్0 అదే, అంటే స్క్రీన్ ఆరిపోయినా ఫోన్‌లాగా లోపల మెలకువగానే ఉండి మెయిళ్లూ అప్‌డేట్లూ చూసుకుంటుంది. ఏదో ఒక డ్రైవర్ (వైఫై లాంటి భాగాన్ని నడిపే సాఫ్ట్‌వేర్) సరిగ్గా లేకపోతే ప్రాసెసర్ లోతైన నిద్రలోకి వెళ్లదు, పైగా బ్యాగులో గాలి ఆడదు, ఇంకేముంది.

అడ్మిన్‌గా కమాండ్ ప్రాంప్ట్ తెరిచి పవర్‌సీఎఫ్‌జీ /స్లీప్‌స్టడీ (powercfg /sleepstudy) కొట్టండి, ఒక రిపోర్ట్ ఫైల్ తయారవుతుంది, బ్రౌజర్‌లో తెరవండి. మీరు మెట్రోలో ఉన్న టైమ్‌కి ఎర్ర గీత కనిపిస్తుంది, దాన్ని నొక్కితే టాప్ అఫెండర్స్ అని ఎవరు మేలుకొలుపుతున్నారో పేర్లు వస్తాయి. అది చూడకుండా గుడ్డిగా సెట్టింగులు మార్చకండి.

అయితే ఈ రోజు నుంచే ఒకటి చెయ్యండి. కంట్రోల్ ప్యానెల్, పవర్ ఆప్షన్స్‌లో మూత మూస్తే ఏం జరగాలి అన్న చోట బ్యాటరీకీ ఛార్జర్‌కీ రెండిటికీ హైబర్నేట్ పెట్టండి. ర్యామ్‌లో ఉన్నదంతా డిస్క్‌లో రాసుకుని పూర్తిగా ఆగిపోతుంది, తెరిచినప్పుడు ఫైళ్లన్నీ ఎక్కడివక్కడే ఉంటాయి, కొన్ని సెకన్లు ఎక్కువ పడుతుంది అంతే. బ్యాగులో పెట్టే ముందు పవర్ లైట్ ఆరిందో లేదో చూసుకోండి.

పాత పీసీ:
రోజూ హైబర్నేట్ చేస్తే ఎస్‌ఎస్‌డీ (ల్యాప్‌టాప్‌లోని డిస్క్) త్వరగా అరిగిపోదా? రిజిస్ట్రీలో (విండోస్ లోపలి సెట్టింగులు ఉండే చోటు) ప్లాట్‌ఫామ్ ఏఓఏసీ ఓవర్‌రైడ్ అనే సెట్టింగ్ పెట్టి ఎస్3 తెచ్చుకోవచ్చని చాలాచోట్ల రాశారు, అది సులువు కదా.

రాత్రి షిఫ్ట్:
ఈయన మెషీన్‌లో మాత్రం అది చెయ్యకూడదు. ఫర్మ్‌వేర్‌లోనే ఎస్3 లేనప్పుడు ఆ మార్పు చేస్తే ఎస్0 పోతుంది, ఎస్3 రాదు, మెనూలో స్లీప్ అన్నదే మాయమవుతుంది. ఇక అరుగుదల: హైబర్నేట్ ఫైలు మామూలుగా ర్యామ్‌లో 40 శాతం దాకా ఉంటుంది, అంటే 16 జీబీకి ఆరు జీబీ చిల్లర. రోజుకి రెండుసార్లు రాసినా ఏడాదికి ఐదు టీబీ (ఒక టీబీ అంటే వెయ్యి జీబీ) లోపే. మామూలు 512 జీబీ ఎస్‌ఎస్‌డీలు వంద టీబీకి పైనే రాతల్ని తట్టుకుంటాయి. వేడికి పాడయ్యే బ్యాటరీ ముందు ఇది లెక్కలోకి రాదు.

కాఫీ కప్పు:
నాదొక మాట. వైర్‌లెస్ మౌస్ డాంగిల్ పోర్టులోనే వదిలేసి మౌస్ కూడా అదే బ్యాగులో వేస్తున్నారా? బటన్ నొక్కుకుపోయి లేపేస్తుంది. మా అక్క ల్యాప్‌టాప్‌కి అదే జరిగేది. అలాగే ఛార్జర్ పీకేసి, ఆ తర్వాత మూత వెయ్యండి. ముందు మూత వేసి తర్వాత పీకితే కొన్ని మోడళ్లు ఛార్జర్ ఉందన్నట్టే పనులు చేసుకుంటూ పోతాయి.

గోదారి గట్టు:
అందరికీ థ్యాంక్స్. రిపోర్ట్‌లో వైఫై అడాప్టర్ పేరు వచ్చింది, మౌస్ కాదు. తయారీ కంపెనీ సైట్ నుంచి కొత్త డ్రైవర్ వేశాను. స్లీప్‌లో పెట్టి టేబుల్ మీద ఉంచి చూస్తే ఇప్పుడు గీత పచ్చగా వస్తోంది. మూతకి హైబర్నేట్ పెట్టాక బ్యాగులోంచి చల్లగా వస్తోంది. అయినా ఇన్నాళ్లూ కాలిన బ్యాటరీ సంగతి ఎలా తెలుసుకోవాలి?

రాత్రి షిఫ్ట్:
పవర్‌సీఎఫ్‌జీ /బ్యాటరీరిపోర్ట్ (powercfg /batteryreport) కొట్టండి. డిజైన్ కెపాసిటీ, ఫుల్ ఛార్జ్ కెపాసిటీ అని రెండు అంకెలు ఇస్తుంది, రెండిటి మధ్య తేడా ఎంతో అంత తగ్గినట్టు. అంకెలు బాగున్నా ఒకసారి బల్ల మీద పెట్టి చూడండి. టచ్‌ప్యాడ్ పైకి లేచినా, క్లిక్ బిగుసుకున్నా, మెషీన్ బల్ల మీద ఊగుతున్నా బ్యాటరీ ఉబ్బినట్టే. అలా ఉంటే ఛార్జింగ్ పెట్టకుండా నేరుగా సర్వీస్ సెంటర్‌కి తీసుకెళ్లండి, మీరు మాత్రం విప్పకండి.