ఇంటి ట్యూషన్‌కి ప్రింటర్: లేజరా, ఇంకు ట్యాంకా?

తణుకు టీచరమ్మ:

నమస్తే అండి. ఇంట్లోనే తొమ్మిది, పది తరగతులకి లెక్కలు, సోషల్ ట్యూషన్ చెప్తాను. ఇరవై మంది పిల్లలు. డిసెంబరు నుంచి పబ్లిక్ పరీక్షలయ్యే దాకా స్లిప్ టెస్టులు, మోడల్ పేపర్లు కలిపి నెలకి వెయ్యి పేజీల దాకా అవుతాయి. ఇప్పుడు జిరాక్సు షాపులో పేజీకి రూపాయిన్నర ఇస్తున్నాను. డబ్బు సంగతి అటుంచండి, నేను పేపరు తయారు చేసేసరికి రాత్రి తొమ్మిదవుతుంది, అప్పటికి షాపు కట్టేస్తారు. పొద్దున ఆరింటికల్లా పిల్లలు గుమ్మంలో ఉంటారు. అదీ నా టెన్షన్.

మావారేమో ఇంకు ట్యాంకు తీసుకో, రంగుల్లో కూడా వస్తుంది అంటారు. తమ్ముడు లేజరే తీసుకోమంటాడు. మా పాప ఆరో తరగతి, ప్రాజెక్టు వర్కుకి అప్పుడప్పుడు కలర్ బొమ్మలు కావాలి. ఏప్రిల్ నెలాఖరు నుంచి జూన్ మధ్య దాకా ప్రింట్లతో పని ఉండదు, మా అమ్మగారి ఊరు వెళ్ళిపోతాం. పదిహేను వేల లోపు ఏది మంచిదంటారు?

ఇద్దరు పిల్లల నాన్న:

మా ఇంట్లో ఎప్సన్ ఎల్3250 ఇంకు ట్యాంకు ఉందండి. ఒకడు యూకేజీ, ఒకమ్మాయి మూడో తరగతి. రంగులేసే వర్క్‌షీట్లు, చార్టులకి బొమ్మలు, ఏదో ఒకటి రోజూ తీస్తూనే ఉంటాం. నల్ల ఇంకు 65 మిల్లీలీటర్ల సీసా, కంపెనీ లెక్క ప్రకారం 4,500 పేజీలు. సీసా మూడు, నాలుగు వందల మధ్య దొరుకుతుంది. స్కానూ, కాపీ అందులోనే. ఫోన్ నుంచే ప్రింట్ ఇచ్చేయొచ్చు. మావారి మాటే రైటని నా ఓటు.

అదే, *మీవారి* మాట!

బెజవాడ సర్వీసు:

టీచరమ్మ గారూ, విజయవాడలో ప్రింటర్ల సర్వీసు చేస్తుంటానండి. మీరు రాసినదాంట్లో నా కన్ను పడింది 'అమ్మగారి ఊరు వెళ్ళిపోతాం' అన్నదాని మీద.

ఇంకు హెడ్‌లో కంటికి ఆననంత సన్నని రంధ్రాలుంటాయి. మే నెల ఎండల్లో నెలన్నర కదల్చకుండా వదిలేస్తే వాటి దగ్గర ఇంకు ఎండుతుంది. బడులు తెరిచే రోజుల్లో మా షాపుకి వచ్చేవాటిలో ఎక్కువ ఇవే. మూత తీసి హెడ్ పక్కకి జరిపితే, అది ఆనుకుని కూర్చునే స్పాంజి మీద ఇంకు మాగాయ ముద్దలా పేరుకుని ఉంటుంది. ప్రింటు గీతలు గీతలుగా వస్తోందని జనం హెడ్ క్లీనింగ్ మీద హెడ్ క్లీనింగ్ కొడతారు. కొట్టిన ప్రతిసారీ మంచి ఇంకంతా అడుగున ఉన్న వేస్ట్ ప్యాడ్‌లోకి పోతుంది. అది నిండిందని ప్రింటర్ లెక్కేసుకుందంటే పని ఆపేస్తుంది, ఇక సర్వీసుకి మోయాల్సిందే. ఇంకో సంగతి, గోడ మీద స్విచ్ కట్టేసి పడుకునేవాళ్ళు చాలామంది. ముందు ప్రింటర్ మీదున్న బటన్‌తో ఆపాలండి. అప్పుడే హెడ్ తన చోటికి వెళ్ళి మూత మీద కూర్చుంటుంది.

లేజర్‌లో వాడే టోనర్ అలా కాదు, అది పొడి. లోపలుండే వేడి రోలర్, అంటే ఫ్యూజర్, దాన్ని రెండు వందల డిగ్రీల దగ్గర కరిగించి కాగితానికి అతికిస్తుంది. ఎండిపోవడానికి అందులో తడే లేదు. సెలవుల తర్వాత మీరొచ్చి బటన్ నొక్కితే మొదటి పేజీ నుంచే అక్షరాలు నల్లగా, తేటగా వస్తాయి.

ఇక ఖర్చు. పైన అన్నగారు చెప్పింది నిజమే, ఇంకు పేజీకి పది పైసలు కూడా పడదు. లేజర్‌కి కంపెనీ టోనర్ కొంటే రూపాయి దాటుతుంది, బయట రీఫిల్ చేయిస్తే పావలా లోపు. ఇక్కడిదాకా అందరూ లెక్కేస్తారు, కాగితం ఖర్చు ఎవరూ కలపరు! ఐదు వందల షీట్ల రిమ్ము 275 అనుకోండి, షీటు 55 పైసలు. అంటే ఇంకు కంటే కాగితమే ఆరేడు రెట్లు. అందుకే మీలాంటివాళ్ళకి రెండు వైపులా దానంతటదే వేసే లేజర్ చెప్తాను. కాగితం సగానికి పడి, రీఫిల్ టోనర్‌తో కలిపి పేజీ 53 పైసల లోపే. ఎల్3250లో ఒకవైపే వేస్తే అరవై దాటుతుంది. అందులోనూ రెండో వైపు వేయొచ్చు, కానీ బేసి పేజీలు వేసి, కట్ట తిప్పి పెట్టి, సరి పేజీలు వేసుకోవాలి. మధ్యలో ఒక్కసారి రెండు కాగితాలు కలిపి లాగిందా, అక్కణ్ణుంచి అన్నీ తారుమారు. రాత్రి తొమ్మిదింటికి ఆ తలనొప్పి మీకెందుకు?

తెలుగు మీడియం సోషల్ పేపరైతే ఇంకో తేడా ఉంది. షీటుకి రెండు పేజీలు కుదించి వేస్తే ఒత్తులు చిన్నవైపోతాయి. చవక కాగితం మీద ఇంకు కాస్త పాకుతుంది, 'రాష్ట్ర' లాంటి చోట కింద ఒత్తులు రెండూ కలిసిపోయి మచ్చలా కనిపిస్తాయి. లేజర్‌లో అంచులు తేటగా ఉంటాయి.

బ్రదర్ హెచ్ఎల్-ఎల్2321డి చూడండి, రెండు వైపులా వేస్తుంది. వైఫై లేదు, స్కాన్ లేదు, కంప్యూటర్‌కి వైరు పెట్టుకోవాలి. పెట్టెలో వచ్చే టోనర్ చిన్నది, త్వరగా అయిపోతుంది. తర్వాత కొనే టీఎన్-2365 అయితే 2,600 పేజీలు. రీఫిల్ చేసినప్పుడు టోనర్‌కుండే గేర్‌ని మళ్ళీ మొదటి చోటికి తిప్పి రీసెట్ చేయాలి, అది తెలిసిన కుర్రాడికే ఇవ్వండి.

పాప బొమ్మలంటారా, బయట కలర్ ప్రింటు తీయించండి. ఎన్ని కావాలి, ఏడాదికి పదో పదిహేనో. దానికోసం నాలుగు రంగుల ఇంకు ఇంట్లో ఎండబెట్టుకోవడం దండగ.

తణుకు టీచరమ్మ:

చాలా థాంక్స్ అండి, కాగితం లెక్క నాకు తట్టనే లేదు. ఒక్క డౌటు. కరెంటు పోతే ఇంట్లో 900 వీఏ ఇన్వర్టర్ ఉంది, దాని మీద లేజర్ నడుస్తుందా?

బెజవాడ సర్వీసు:

నడపొద్దండి. ఫ్యూజర్ వేడెక్కేటప్పుడు ఒక్కసారిగా వందల వాట్లు లాగుతుంది, ఫ్యాన్లు కూడా తిరుగుతుంటే ఇన్వర్టర్ ఓవర్‌లోడ్ అని కూత పెడుతుంది. కంప్యూటర్ యూపీఎస్‌కి అసలు తగిలించొద్దు. ఈ ఒక్క విషయంలో ఇంకు ట్యాంకే గెలుస్తుంది, దానికి పదిహేను వాట్లు చాలు. మీ వీధిలో రాత్రిపూట కరెంటు తరచూ పోతుంటే మాత్రం ఇంకోసారి ఆలోచించండి.

డిగ్రీ ఫైనలియర్:

అక్కా, లేజర్ కొంటే ఇంక్‌జెట్ ఫోటో పేపర్ మాత్రం అందులో పెట్టనివ్వకు. మా హాస్టల్లో ఒకడు పెట్టాడు, పైన మెరుపు పూత ఫ్యూజర్‌కి కరిగి అతుక్కుపోయింది. వాసన కూడా!

తణుకు టీచరమ్మ:

పాపకి చెప్తాను తమ్ముడూ. మాకు కరెంటు కోతలు పగలే, రాత్రి ఉండవు. లేజరే ఖాయం, మావారికి ఈ లెక్కంతా చూపించాను. ఏమీ అనలేదు, అంటే ఒప్పుకున్నట్టే. కాగితం ఏది తేవాలండి?

బెజవాడ సర్వీసు:

75 జీఎస్ఎం (చదరపు మీటరుకి 75 గ్రాముల బరువు) కాగితం అడగండి. వానలు మొదలయ్యాక మాత్రం విప్పిన రిమ్ము ట్రేలో వదలొద్దు, కవర్లో చుట్టి బీరువాలో పెట్టండి. చెమ్మ పట్టిన కాగితం ఫ్యూజర్‌లో వంకర తిరిగి ఇరుక్కుంటుంది.