పెద్దల (అశ్లీల) సైట్లలో వైరస్ నిజమేనా? లేక మన సిగ్గే మోసగాళ్లకు పెట్టుబడా?

కరీంనగర్_రిపేర్:

అందరికి నమస్తే. 11 ఏండ్ల సంది మొబైల్, ల్యాప్‌టాప్ రిపేర్ దుకాణం నడుపుతున్న. ఫోన్ వేడెక్కినా, చార్జింగ్ నిలవకున్నా, ల్యాప్‌టాప్ మొరాయించినా వెంట వచ్చిన ఇంటోళ్లది ఒకటే మాట: "ఏవో పాడు సైట్లు చూసుంటడు, వైరస్ పట్టింది." విప్పి చూస్తే స్టోరేజీ నిండి ఉంటది, లేకుంటే బ్యాటరీ ఉబ్బి ఉంటది.

పోయిన వారం యాభై దాటిన ఒకాయన దుకాణం మూసే యాళ్లకు వచ్చిండు. ల్యాప్‌టాప్ సంచిల చుట్టి తెచ్చిండు. నేను తప్ప ఎవరు లేరని చూసుకున్నంకనే బయటికి తీసిండు. తెర నిండ మూడు సింహాల గుర్తు, దాని కింద న్యాయశాఖ పేరు. "నిషేధిత అశ్లీల చిత్రాలు చూసినందుకు మీ కంప్యూటర్ లాక్ చేయబడింది. 6 గంటల్లో 29,000 జరిమానా కట్టకపోతే కేసు." పక్కనే కార్డు నంబరు కొట్టే గడులు. ఎస్కేప్ కీ కాసేపు ఒత్తి పట్టిన, ఆల్ట్, ఎఫ్4 కలిపి కొట్టిన. పోయింది. లాక్ లేదు, వైరస్ లేదు. ఉత్త వెబ్ పేజీ తెరంత పరుచుకున్నది, అంతే. కాని ఆయన అప్పటికే కార్డు నంబరు, దాని వెనక మూడంకెలు ఇచ్చేసిండు. ల్యాప్‌టాప్ మూత పెట్టి రెండు రోజులు బీరువాల దాచిండట. ఇంట్ల చెప్పలే, బ్యాంకుకు చెప్పలే. పైసలు ఆ రెండు రోజులల్ల పోయినయి.

నా మాట ఇది: ఈ సైట్లల్ల వైరస్ అన్నది పెంచి చెప్పిన భయం. ఆ భయం, దానితోటి వచ్చే సిగ్గు, ఇవే అసలు నష్టం చేస్తున్నయి. ఒప్పుకోనోళ్లు ఎందుకు ఒప్పుకోరో చెప్పుండ్రి.

మాస్టారు_నరసరావుపేట:

బాబూ, మీ అనుభవాన్ని కాదనను. కానీ ఆ పెద్దమనిషి ఆ సైటుకు వెళ్లకపోయి ఉంటే ఆ పేజీ ఆయనకు ఎదురయ్యేదే కాదు కదా. మురికిగుంట పక్కన కాపురం పెట్టి, జ్వరం గుంట వల్ల కాదు, దోమ వల్ల అంటే ఎలా? 2018లో ఉత్తరాఖండ్ హైకోర్టు చెప్పాక కేంద్రం 827 సైట్లను ఆపించింది. అది గట్టిగా అమలు చేస్తే ఈ సమస్య సగం తీరుతుంది. చూడటం నేరమని తెలిస్తే మనుషులు కూడా జాగ్రత్తపడతారు.

నైట్‌షిఫ్ట్_సెక్యూరిటీ:

అన్నా, నేను హైదరాబాద్‌లో ఒక కంపెనీ సెక్యూరిటీ టీంలో రాత్రి షిఫ్టు చేస్తాను. మీ కస్టమర్ విషయంలో మీరు చెప్పింది కరెక్టే. "పెంచి చెప్పిన భయం" అన్నదానితో మాత్రం ఏకీభవించలేను.

2017 అక్టోబరులో ప్రూఫ్‌పాయింట్ అనే సైబర్ భద్రతా సంస్థ వాళ్లు బయటపెట్టిన కేసు చూడండి. ప్రపంచంలో అతి పెద్ద పెద్దల సైట్లలో ఒకటైన పోర్న్‌హబ్‌లో, ప్రకటనల ద్వారా, ఏడాదికి పైగా కోవ్టర్ అనే మాల్వేర్‌ను (హాని చేసే ప్రోగ్రామును) తోశారు. క్రోమ్ వాడేవాళ్లకు క్రోమ్ అప్‌డేట్, ఫైర్‌ఫాక్స్ వాడేవాళ్లకు ఫైర్‌ఫాక్స్ అప్‌డేట్, మిగతావాళ్లకు ఫ్లాష్ అప్‌డేట్ అని చూపించేవారు. నొక్కితే దిగేది కోవ్టర్. అది లోపల కూర్చుని మనకు తెలియకుండా ప్రకటనల మీద క్లిక్కులు కొడుతూ వాళ్లకు డబ్బు చేసిపెట్టేది. తెలిశాక సైటూ, ప్రకటనల నెట్‌వర్కూ దాన్ని తీసేశాయి. 2020లో మాల్‌స్మోక్ ముఠా ఇదే దారిలో వచ్చింది. వీడియో సరిగ్గా ఆడదు, మసకగా కనిపిస్తుంది, "జావా అప్‌డేట్ చేసుకోండి" అంటుంది. దిగేది జీలోడర్, బ్యాంకు వివరాలు దోచే రకం.

ఇవి పేరున్న సైట్లలో జరిగినవి. గల్లీ సైట్ల సంగతి ఊహించుకోండి.

లైనక్స్_రాజు:

అక్కా, ఆ కేసులు నిజమే. అవి ప్రకటనల కేసులు, అశ్లీలం కేసులు కావు. 2016 మార్చిలో న్యూయార్క్ టైమ్స్, బీబీసీ సైట్ల ప్రకటనల్లోంచి ఆంగ్లర్ అనే దాడి కిట్ వచ్చి, ఫైళ్లకు తాళం వేసి డబ్బు అడిగే ర్యాన్సమ్‌వేర్ దింపలేదా? అప్పుడు వార్తలు చదవొద్దని ఎవరూ అనలేదే?

ఇంకోటి. యాంటీవైరస్ సంస్థ సిమాంటెక్ 2012లో ఇచ్చిన వార్షిక నివేదికలో, మాల్వేర్ దొరికిన సైట్లను రకాలవారీగా లెక్కేస్తే బ్లాగుల వాటా 19.8 శాతం. పెద్దల సైట్లు పదో స్థానంలో, 2.4 శాతం. మతపరమైన సైట్లలో, సోకిన ఒక్కో సైటుకు సగటున 115 ముప్పులు కనిపిస్తే పెద్దల సైట్లలో అందులో నాలుగో వంతు కూడా లేవు. కారణం సింపుల్. పెద్దల సైటు నడిపేవాడికి అది వ్యాపారం, కస్టమర్ మళ్లీ రావాలి. గుడి సైటు ఎవరో కుర్రాడు ఒకసారి చేసి వదిలేస్తాడు, ఏళ్ల తరబడి అప్‌డేట్ ఉండదు.

మాస్టారూ, ఒక సవరణ. పెద్దవాళ్లు పెద్దవాళ్లున్న చిత్రాన్ని తమ గదిలో చూసుకోవడం మన చట్టంలో దానంతట అది నేరం కాదు. ఐటీ చట్టం 67వ సెక్షను ప్రచురించడం, పంపడం గురించి. పిల్లలకు సంబంధించినది పూర్తిగా వేరు, అది 67బి. 2024 సెప్టెంబరులో సుప్రీంకోర్టు దాన్ని చూడటం, దాచుకోవడం కూడా నేరమేనని స్పష్టం చేసింది. అందులో ఎవరికీ మినహాయింపు ఉండకూడదు. మామూలుగా చూడటమే నేరమనే మాట మాత్రం ప్రచారంలో పెడితే, ఆ 29,000 పేజీ తయారుచేసినవాడికి మనమే సాయం చేసినట్టు. ఆయన అందుకేగా భయపడింది.

నైట్‌షిఫ్ట్_సెక్యూరిటీ:

రాజు గారూ, ఆ సిమాంటెక్ లెక్క చాలామంది చెప్తుంటారు, అందుకే కాస్త ఆగుదాం. అది 2011 నాటి డేటా. అప్పుడు ఫ్లాష్ ఉంది, పాత ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్ ఉంది, పేజీ తెరిస్తే చాలు మాల్వేర్ దూరేది. పైగా అది ఎన్ని సైట్లు సోకాయన్న లెక్క. ఏ సైటుకు ఎంతమంది వెళ్తారు, వెళ్లినవాళ్లలో ఎంతమందికి సోకుతుంది అన్నది దానిలోంచి రాదు.

ప్రకటనల విషయంలో కూడా అన్ని సైట్లూ ఒకటి కావు. గూగుల్ లాంటి పెద్ద నెట్‌వర్కులు పెద్దల సైట్లకు ప్రకటనలు ఇవ్వవు. దాంతో ఆ సైట్లు పరిశీలన తక్కువగా ఉండే నెట్‌వర్కుల మీద ఆధారపడతాయి. ఎక్కడో నొక్కితే వెనకాల ఇంకో కిటికీ తెరుచుకోవడం, అది మూసేలోపు మరోటి, ఇదంతా అక్కడి మామూలు వ్యాపారం. న్యూయార్క్ టైమ్స్‌లో అలా జరిగితే వార్త. ఇక్కడ అది రోజూ జరిగేదే.

2020 డిసెంబరు 31తో ఫ్లాష్ పోయింది. బ్రౌజర్లు వాటంతట అవే అప్‌డేట్ అవుతున్నాయి. అందుకే ఇప్పుడు దాడి తలుపు పగలగొట్టి రాదు, మనచేతే తలుపు తీయిస్తుంది. కరీంనగర్ అన్నా, మీరు "ఎస్కేప్ కొడితే పోతుంది" అన్నారు కాబట్టి ఇది తప్పకుండా చదవండి. 2025 నవంబరులో ఆక్రోనిస్ అనే సైబర్ భద్రతా సంస్థ పరిశోధకులు ఒక కొత్త పద్ధతి బయటపెట్టారు. మోసగాళ్లు పేరున్న పెద్దల సైట్లకు అచ్చు నకళ్లు పెట్టారు. పేజీలో ఎక్కడ ముట్టుకున్నా తెరంతా నీలంగా మారి విండోస్ అప్‌డేట్ మొదలైనట్టు శాతం అంకెలు తిరుగుతాయి. ఎస్కేప్, ఎఫ్11 పనిచేయకుండా చేసే ప్రయత్నం కూడా ఆ కోడ్‌లో ఉంది. చివర్లో "అప్‌డేట్ పూర్తికావాలంటే విండోస్ కీ, ఆర్ కలిపి నొక్కండి, తర్వాత కంట్రోల్, వి, ఆ తర్వాత ఎంటర్" అంటుంది. ఆ మూడూ చేస్తే బ్రౌజర్లో దాచుకున్న పాస్‌వర్డులన్నీ బయటికి పోతాయి.

మీ కస్టమర్ చూసింది ఉత్త బొమ్మ. ఇది చూడ్డానికి అలాంటి బొమ్మే, కానీ చెప్పినట్టు చేస్తే నిజమైన మాల్వేర్. బయట నుంచి చూసేవాళ్లకు తేడా తెలియదు. తెర ఆక్రమించి ఏవైనా కీలు నొక్కమన్న పేజీ వస్తే, అది చెప్పిన కీలు నొక్కొద్దు. కంట్రోల్, ఆల్ట్, డిలీట్ కొట్టి టాస్క్ మేనేజర్‌లో బ్రౌజర్‌ను ఆపేయండి. ఏదీ కుదరకపోతే పవర్ బటన్ ఒత్తి పట్టండి.

స్లౌ_నుంచి:

యూకే నుంచి ఒక మాట. ఇక్కడ 2025 జులై 25 నుంచి పెద్దల సైట్లు వయసు నిర్ధారణ చేయాలని చట్టం అమల్లోకి వచ్చింది. ఆ వారమే మన చోటు దాచి ఆపిన సైట్లను తెరిపించే వీపీఎన్ యాప్‌ల డౌన్‌లోడ్లు ఒక్కసారిగా ఎగిశాయి. నా భయం వీపీఎన్‌తో పాటు ఐడీ గురించి కూడా. ఐడీ ఫొటో అడగడం మామూలైపోతే నకిలీ సైటు కూడా అదే అడుగుతుంది, జనం ఇచ్చేస్తారు. అసలైనవాళ్ల దగ్గరైనా భద్రంగా ఉంటాయా అంటే, 2025 అక్టోబరులో డిస్కార్డ్ అనే చాటింగ్ యాప్‌కు పనిచేసే బయటి సంస్థ నుంచి దాదాపు 70 వేల మంది ఐడీ ఫొటోలు లీకైనట్టు వాళ్లే చెప్పారు. అవి వయసు విషయంలో అప్పీలు చేసుకున్నవాళ్లవి.

లైనక్స్_రాజు:

సరిగ్గా ఇదే మాస్టారికి చెప్పాలనుకున్నది. 2018లో ఆ 827 ఆపగానే వాటిలో ఉన్న పోర్న్‌హబ్ వేరే చిరునామాతో మళ్లీ వచ్చింది. దాని పక్కన ఎవరెవరో పెట్టిన నకళ్లూ వచ్చాయి. మామూలు మనిషికి ఏది అసలో ఏది నకలో ఎలా తెలుస్తుంది? తెలియనివాడు ఉచిత వీపీఎన్ వేసుకున్నాడు. 2024 మేలో అమెరికా న్యాయశాఖ 911 ఎస్5 అనే బాట్‌నెట్‌ను, అంటే యజమానులకు తెలియకుండా వాడుకునే కంప్యూటర్ల వలను, మూయించింది. మాస్క్‌వీపీఎన్, డ్యూవీపీఎన్ లాంటి ఉచిత వీపీఎన్లు వేసుకున్నవాళ్ల కంప్యూటర్లే అందులో సరుకు. 190కి పైగా దేశాల్లో 1.9 కోట్ల ఐపీ అడ్రసులు (ఇంటర్నెట్ కనెక్షన్ల చిరునామాలు). మన ఇంటి కనెక్షన్‌ను ఎవడో అద్దెకు తీసుకుని మోసాలు చేశాడు, దాని జాడ మన ఇంటికి వస్తుంది. ఆపిన సైటులో ఆ ప్రమాదం లేదు. ఆపడం వల్ల పట్టుకున్న దారిలో ఉంది.

మాస్టారు_నరసరావుపేట:

చట్టం విషయంలో సవరణ ఒప్పుకుంటున్నాను, నాకు తెలియదు. నిషేధం మీద నా అభిప్రాయం మాత్రం మారలేదు. కన్నం వేసే దొంగలున్నారని తలుపులు తీసేసుకోం కదా. దారి కష్టమైతే కొంతమందైనా వెనక్కి తిరుగుతారు. ఆ కొంతమందిలో మన ఇంటివాళ్లు ఉండొచ్చు.

పేరు_వద్దు:

ఇన్నాళ్లు ఈ వేదికలో చదవడమే, ఎప్పుడూ రాయలేదు. ఇవాళ రాస్తున్నాను.

2018లో నాకొక మెయిల్ వచ్చింది. సబ్జెక్టులోనే నా పాస్‌వర్డ్. పాతదే, కానీ నాదే. "నువ్వు పెద్దల సైటు చూస్తుండగా నీ కెమెరా ఆన్ చేసి రికార్డు చేశాను, బిట్‌కాయిన్ పంపకపోతే నీ కాంటాక్టులందరికీ పంపుతాను" అని. నాకప్పటికి పెళ్లి కుదిరి నెల కాలేదు. మూడు రాత్రులు నిద్ర లేదు. ల్యాప్‌టాప్ కెమెరాకు బొట్టుబిళ్ల అతికించాను, అప్పటికి చేసేదేమీ లేదని తెలిసి కూడా. బిట్‌కాయిన్ ఎలా కొనాలో తెలియదు, తెలిసుంటే పంపేసేదాన్ని. గడువు దాటింది. ఏమీ జరగలేదు. చాలా రోజుల తర్వాత ఆఫీసులో ఎవరో అలాంటి మెయిల్ తమకూ వచ్చిందని అంటుంటే అప్పుడు అర్థమైంది. ఎప్పుడో ఏదో వెబ్‌సైటు నుంచి లీకైన పాస్‌వర్డుల జాబితాలు పట్టుకుని లక్షలమందికి అదే మెయిల్ పంపారు. వీడియో లేదు, హ్యాకింగ్ లేదు.

నేను ఆడపిల్లను కాబట్టి ఎవరినీ అడగలేకపోయాను. అడిగితే మెయిల్ గురించి మాట్లాడరు, నువ్వెందుకు చూశావు అంటారు. మాస్టారు గారూ, మీ మీద గౌరవంతోనే అడుగుతున్నాను. మీ ఇంట్లో ఎవరికైనా ఇలా జరిగితే మీతో చెప్తారా?

కరీంనగర్_రిపేర్:

చెల్లె, నువ్వు రాసింది రెండుసార్లు చదివిన.

నైట్‌షిఫ్ట్ అక్కా, నకిలీ అప్‌డేట్ సంగతి నాకు తెల్వదు. ఇగ నుంచి దుకాణంల "ఎస్కేప్ కొట్టుండ్రి" అని ఊకనే చెప్ప. "పెంచి చెప్పిన భయం" అన్న మాట కూడా వాపస్ తీసుకుంటున్న. కాని ఫోన్ల విషయంల నేను చూసేది చెప్త. నా బల్ల మీదికి వచ్చే మాల్వేర్ ఫోన్లల్ల ఎక్కువ వాట్సాప్‌ల వచ్చిన ఏపీకే ఫైళ్లవే (ప్లే స్టోర్ బయట నుంచి ఎక్కించే యాప్‌లు). ట్రాఫిక్ చలానా అని ఒకటి, పీఎం కిసాన్ అని ఒకటి, పెండ్లి పత్రిక అని ఒకటి. ఎస్సెమ్మెస్ పర్మిషన్ అడుగుతది, ఇస్తరు, ఓటీపీలు వాడు చదువుకుంటడు. ఆ ఫోన్లు తెచ్చేటోళ్లు ఎవరు సంచిల చుట్టి తేరు. వచ్చిన రోజే తెస్తరు, గట్టిగ తిడుతరు, సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేస్తరు. కొందరి పైసలు ఆగుతయి. ఆ పెద్దాయనకు పోయింది కూడ ఆ చలానా ఏపీకే తోటి పోయి ఉంటే రెండు రోజులు ఆగుతుండెనా?

నైట్‌షిఫ్ట్_సెక్యూరిటీ:

ఏపీకే ఎక్కడి నుంచి వచ్చినా ఒకటే. 2015లో "అడల్ట్ ప్లేయర్" అని ఒక యాప్ ఉండేది, ప్లే స్టోర్ బయట. వాడేటప్పుడు ముందు కెమెరాతో ఫొటో తీసి, ఆ ఫొటోనే తెర మీద పెట్టి 500 డాలర్లు అడిగేది. చలానా యాప్‌కూ దానికీ తేడా పైన అంటించిన బొమ్మే. సైటు ఏదైనా "ప్లేయర్ దించుకోండి" అంటే అక్కడితో బయటికి వచ్చేయడమే.

కానీ 1930 గురించి మీరన్నది నేను ఆలోచించలేదు. మేం ఫైళ్లు చూస్తాం, మనిషి ఎన్ని గంటలకు నోరు విప్పాడో మా స్క్రీన్ మీద కనపడదు.

మాస్టారు_నరసరావుపేట:

అమ్మా, పేరు_వద్దు, నీ ప్రశ్నకు రాత్రంతా జవాబు వెతికాను. చెప్పరు. మావాడు నాకు చెప్పడు. 34 ఏళ్లు పాఠాలు చెప్పినవాణ్ని, ఇది రాయడానికి కష్టంగా ఉంది.

ఇంట్లో మనవలు వచ్చినప్పుడు వాళ్ల చేతికి ఫోన్లుంటాయి. నేను నిషేధం కావాలనే అంటాను, కానీ అది నా ఇంటివరకు నేనే చేసుకోగలనా? రౌటర్‌లో ఏదో మార్చవచ్చని మా పక్కింటాయన అన్నాడు.

కరీంనగర్_రిపేర్:

మార్చొచ్చు మాస్టారు. రౌటర్ సెట్టింగులల్ల డీఎన్ఎస్ (సైటు పేరును చిరునామాగ మార్చేది) అని ఉంటది. అక్కడ 1.1.1.3, రెండో గడిల 1.0.0.3 పెట్టుండ్రి. క్లౌడ్‌ఫ్లేర్ అనే ఇంటర్నెట్ కంపెనీది, ఉచితం. తెలిసిన మాల్వేర్ సైట్లు, పెద్దల సైట్లు రెండూ ఆపుతది. మాల్వేర్ ఒక్కటే ఆపాలంటే 1.1.1.2, 1.0.0.2. మొబైల్ డేటా మీద పనిచేయదు, ఇంటి వైఫై వరకే. నకిలీ సైటు ఇయ్యాల్నే పుట్టిందైతే దానికి తెల్వకపోవచ్చు.

ఆ పెద్దాయన నిన్న మళ్ల వచ్చిండు. కార్డు బ్లాక్ చేయించిండు, 1930కి కంప్లైంట్ ఇచ్చిండు, పైసలు ఇంక రాలే. ఈసారి కొడుకును వెంట తీసుకొచ్చిండు. ల్యాప్‌టాప్‌ను కొడుకే పట్టుకొచ్చిండు, సంచి లేకుండ.